మాట్లాడని కొడుకు, మాట జారిన కూతురు

శ్రీకాకుళం నుంచి ఒక చెల్లి రాశారు, పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యట్లేదు. ఉత్తరం పెద్దది, అంతా ఇక్కడ పెట్టలేను, ముఖ్యమైనంత వరకు ఇస్తాను. ఆవిడ ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతారు, ఫాల్స్ పీకో కూడా చేస్తారు. భర్త పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టులు. అత్తగారు ఉద్దానం మనిషి, వీళ్ల దగ్గరే ఉంటారు. పాప ఆరో క్లాసు, బాబు రెండో క్లాసు.

"మొన్న నరసన్నపేటలో మా ఆడపడుచు గృహప్రవేశానికి వెళ్లాం. అందరి ముందు బాబుని పద్యం చెప్పమన్నారు. వాడు నా చీర పట్టుకుని వెనక్కి పోయాడు. 'ఏటే, మూగోడేటి మీ గుంటడు' అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు, మా ఆయనకి తల కొట్టేసినట్టయ్యి అక్కడే వాడి చెంప మీద ఒకటి వేశారు. అప్పట్నుంచి చుట్టాలొస్తే వాడు గదిలోంచి బయటికి రావట్లేదు. ముందు నుంచీ కొత్తవాళ్లతో మాట్లాడడు, ఇంట్లో మాత్రం నోరు మూయడు. పాప అలా కాదు, బాగా మాట్లాడుతుంది, నీళ్లు పట్టడం, మామ్మకి మందులు ఇవ్వడం, నా బ్లౌజులకి హుక్స్ కుట్టడం అన్నీ చేస్తుంది. బాబు చిన్నోడు కదా అని ఏ పనీ చెప్పం, వాడి పళ్లెం కూడా అదే తీస్తుంది. అలాంటి పిల్ల పోయిన వారం చెత్త బండి ఆవిడ మీద 'ఏమే, నీ కోసం ఎంతసేపు నిలబడాలి, కళ్లు కనిపించట్లేదా' అని అరిచింది. ఆవిడ నాకంటే పెద్దది. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. లోపలికి తీసుకొచ్చి తిడితే 'మామ్మ అనట్లేదా, నేనంటేనే తప్పా' అంది. మా అత్తగారు 'ఇలగ బతిమాలి చెప్తే గుంటలు నెత్తికెక్కుతారు' అంటారు. మా ఆయన 'మా అయ్య తాడు పెట్టి బాదేవాడు, మేం చెడిపోయామేటి' అంటారు. నాకు కొట్టడం ఇష్టం లేదు, అలా అని మంచిగా చెప్తే వినట్లేదు. వాడికి ధైర్యం, దానికి దయ ఎలా నేర్పాలి?"

చెల్లీ, మీ ఉత్తరంలో నేను మళ్లీ వెనక్కెళ్లి చదువుకున్న లైను ఒకటుంది, మీరు మాత్రం దాన్ని మామూలుగా రాసేసి ముందుకెళ్లిపోయారు. నీళ్లు పాపే పడుతుంది, మందులు పాపే ఇస్తుంది, హుక్స్ పాపే కుడుతుంది, తమ్ముడి పళ్లెం కూడా పాపే తీస్తుంది, బాబుకి ఏ పనీ చెప్పరు. మీ రెండు సమస్యలకీ మొదలు అక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఒక పిల్ల మీద ఇంటి బరువు ఉంది, దానికి తగ్గ మర్యాద లేదు. ఒక పిల్లాడికి ముద్దు ఉంది, వాడిని నమ్మి అప్పగించిన పని ఒక్కటీ లేదు. ఏ పనీ రానోడు నలుగురి మధ్యకి ఏం చూసుకుని వస్తాడు చెప్పండి, రోజంతా చాకిరీ చేసి ఒక మంచి మాట విననిది బయట ఎవరి మీదో కసురుకోకుండా ఎలా ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరికీ సమానంగా పంచాల్సింది చాక్లెట్లు కాదు, పని, దాంతో పాటు గౌరవం.

ముందు పాప సంగతి చూద్దాం, ఎందుకంటే అందరి దృష్టీ బాబు మీదే ఉంది, ఆ పిల్ల గోల ఎవరికీ పట్టట్లేదు.

'మామ్మ అనట్లేదా' అంది చూడండి, అది ఎదురు మాట కాదు, నిజం. ఎవరిని మీరు అనాలి ఎవరిని ఏమే అనొచ్చు అనేది పిల్లలకి ఏ పుస్తకంలోనూ ఉండదు, మన నోట్లోంచి విని లెక్కేసుకుంటారు. కస్టమర్ వస్తే 'రండి మేడం కూర్చోండి', కూరగాయల బండి ముసలాయన వస్తే 'ఏయ్ ఇలారా', బ్యాంకులో ఆఫీసరుకి గారు, బ్యాంకు బయట ఆటో ఆయనకి నువ్వు. ఇది మీ ఇంట్లోనే కాదు మన ఊళ్లన్నిట్లోనూ ఉన్నదే, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడి వింటే చాలు. పదకొండేళ్ల పిల్ల ఇదంతా చూసి ఒక నిర్ణయానికొచ్చింది, మనకంటే తక్కువోళ్ల మీద అరవొచ్చు అని. పైగా ఆ తక్కువోళ్ల లిస్టులో ఇంట్లో తనే ఉంది, ఎందుకంటే తన మీదా అందరూ అరుస్తారు. చెత్త బండి ఆవిడ ఒక్కరే తనకంటే కింద ఉన్నట్టు కనపడ్డారు.

కాబట్టి లెక్చర్ ఇవ్వకండి. వీధిలో అందరి ముందు ఆవిడ కాళ్లు పట్టించడం లాంటివి అసలొద్దు, దానివల్ల దయ రాదు, ఆవిడని చూస్తే ఒళ్లు మంటే వస్తుంది. ఒక రోజు పొద్దున్న బండి వచ్చే టైంకి మీరే గుమ్మంలో ఉండండి, పాపని పక్కన ఉంచుకోండి. 'అప్పా, మొన్న మా పాప తొందరపడి ఒక మాట అనేసింది, ఏమనుకోకండి' అని మీరు మొదలుపెట్టండి, పాప చేత ఒక్క ముక్క సారీ చాలు, అది కూడా ముందు రోజు రాత్రి పాపతో మాట్లాడి, అది ఒప్పుకున్నాకే. ఒప్పుకోకపోతే రెండ్రోజులు ఆగండి, కొంప మునిగిపోదు. ఆవిడ ఎన్నింటికి డ్యూటీకి వస్తారు, ఎన్ని వీధులు తిరుగుతారు, వర్షంలో ఏం చేస్తారు అని మీరు అడుగుతుంటే అది వింటుంది. ఎండాకాలంలో ఒక చెంబుడు నీళ్లు ఇవ్వడం పాపకి అప్పగించండి. తడి చెత్త పొడి చెత్త విడివిడిగా పెట్టడం మాత్రం బాబుకి అప్పగించండి, పాపకి కాదు. కలిపేసి ఇస్తే ఆవిడ చేత్తో ఏరాల్సొస్తుందిరా, గాజు పెంకు ఉంటే చెయ్యి తెగుతుందిరా అని వాడికి ఒకసారి చెప్తే చాలు, ఆ వయసు పిల్లలు ఇలాంటివి మనకంటే గట్టిగా పట్టుకుంటారు, రేపు మీరు పొరపాటున ఉల్లిపొట్టు ప్లాస్టిక్ కవర్లో వేస్తే మిమ్మల్నే నిలదీస్తాడు చూడండి.

ఇక పాప పనులు. ఒక కాగితం మీద రాయండి, అది రోజూ ఏమేం చేస్తోందో. రాశాక మీరే ఆశ్చర్యపోతారు. అందులోంచి సగం తీసెయ్యండి. తమ్ముడి పళ్లెం ముందు తీసెయ్యండి, ఇవాళ్టి నుంచే, ఏడేళ్లోడి పళ్లెం ఏడేళ్లోడు తీసుకుంటాడు, ఒకవేళ స్టీలు పళ్లెం కిందపడితే గిన్నెల శబ్దం తప్ప పోయేదేమీ లేదు. మిగిలిన వాటికి థాంక్స్ చెప్పండి. కూతురికి థాంక్స్ ఏటి అనుకోవద్దు. హుక్స్ కుట్టినందుకైతే డబ్బులు ఇచ్చినా తప్పులేదని నేనంటాను, అది మీ వ్యాపారంలో పని, ఇంటి పని కాదు, బయట మనిషికైతే ఇస్తారుగా. దీనికి చాలామంది ఒప్పుకోరు, పిల్లలకి డబ్బాశ నేర్పుతున్నావంటారు. నా ఉద్దేశం వేరు, ఆడపిల్ల చేసిన కష్టానికి వెల ఉందని దానికి ఇంట్లోనే తెలియాలి. లేకపోతే రేపు ఎక్కడో ఊరికే చాకిరీ చేస్తూ మీలాగే ఇంకొకరికి ఉత్తరం రాస్తుంది.

ఇంకొకటి, 'నువ్వు పెద్దదానివి కదా' అనే మాట కొన్నాళ్లు మానండి. ఆ పిల్లకి పదకొండేళ్లే, ఒళ్లు మారే వయసు, ఊరికే ఏడుపొస్తుంది, ఊరికే కోపమొస్తుంది. వారంలో ఏదో ఒక సాయంత్రం మీరిద్దరే కలిసి ఏడు రోడ్ల జంక్షన్ దాకా వెళ్లి దారాలు, లైనింగ్ గుడ్డ కొనుక్కు రండి, దారిలో ఏమీ అడగకండి, అదే మాట్లాడుతుంది. చెత్త బండి రోజు అసలు ఏమైందో కూడా అప్పుడే బయటికొస్తుంది. స్కూలుకి లేటయ్యిందేమో, ఎవరో ఏదో అన్నారేమో. 'ఎందుకలా అరిచావ్' అని నిలబెట్టి అడిగితే ఏ పిల్లా చెప్పదు.

ఇప్పుడు బాబు.

మాట్లాడకపోవడం జబ్బు కాదు. కొత్తవాళ్లు కనపడగానే ముందు చూసి, బేరీజు వేసుకుని, తర్వాత దగ్గరికొచ్చే పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఇంట్లో నోరు మూయడు అంటున్నారు, అది మంచి గుర్తు. ఒక్కటి మాత్రం కనుక్కోండి, స్కూల్లో ఎలా ఉన్నాడని. టీచర్‌తో, పక్క బెంచీ పిల్లలతో మాట్లాడుతున్నాడా, బాత్రూంకి వెళ్లాలన్నా అడగలేకపోతున్నాడా. ఇంట్లో గలగలా మాట్లాడుతూ స్కూల్లో నెలా రెండు నెలల పాటు అస్సలు నోరు విప్పకపోతే అది వట్టి సిగ్గు కాకపోవచ్చు, దానికి పద్ధతి ప్రకారం సాయం చేసేవాళ్లున్నారు, పిల్లల డాక్టర్‌కి చూపించాలి, చెవి పరీక్ష కూడా ఒకసారి చేయించాలి. స్కూళ్లకి, అంగన్‌వాడీలకి వచ్చి పిల్లల్ని చూసే ప్రభుత్వ ప్రోగ్రాం 2013 నుంచి ఉంది, బాల స్వాస్థ్య కార్యక్రమం అంటారు, పుట్టినప్పట్నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చూస్తారు, మీ స్కూల్లో అడిగితే చెప్తారు. ఫోన్‌లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పిల్లల గురించి తల్లిదండ్రులు కూడా చెయ్యొచ్చు.

ఇంకో జాగ్రత్త. మీవాడు మొదట్నుంచీ ఇంతే అన్నారు కాబట్టి భయపడక్కర్లేదు గానీ, చదివే వాళ్లందరికీ చెప్తున్నాను, బాగా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మూగబోతే, ఫలానా ఇంటికి రానంటే, ఫలానా మనిషి వస్తే దాక్కుంటే, అది సిగ్గు అనుకుని నవ్వెయ్యకండి. పక్కన కూర్చుని మెల్లగా వినండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, ఎప్పుడైనా చెయ్యొచ్చు. అందుకే బుగ్గ గిల్లించుకోవడం, ముద్దు పెట్టించుకోవడం పిల్లలకి ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యకండి, ఎంత దగ్గర చుట్టమైనా సరే. దూరం నుంచి నమస్తే పెడితే మర్యాద ఏమీ తగ్గదు, మన వాళ్లు నమస్తే కనిపెట్టిందే అందుకు.

గృహప్రవేశంలో జరిగిందాంట్లో అసలు తప్పు ఆ పద్యం అడగడం. పెద్దవాళ్లకి భోజనాల ముందు టైంపాస్ కావాలి, పిల్లాడిని నిలబెట్టి పద్యం, ఎక్కాలు, డాన్స్. మనల్ని ఎవరైనా పెళ్లిలో పిలిచి 'ఏదీ ఒక పాట పాడు' అంటే మనం పాడతామా. వచ్చేసారి ఫంక్షన్‌కి వెళ్లేముందు ఇంటి దగ్గరే వాడితో మాట్లాడుకోండి, ఎవరెవరు వస్తారు, ఎంతసేపు ఉంటాం, నువ్వు నమస్తే ఒక్కటి పెడితే చాలు, మాట్లాడాలనిపిస్తే మాట్లాడు, ఇబ్బందిగా ఉంటే నా చెయ్యి రెండుసార్లు నొక్కు, మనం పక్కకెళ్లి వద్దాం. వాడు చెయ్యి నొక్కినప్పుడు మీరు నిజంగా పక్కకి వెళ్లాలి సుమా, ఒక్కసారి మాట తప్పితే ఇంక ఆ సంకేతం పనిచెయ్యదు.

ఎవరైనా మళ్లీ మూగోడేటి అంటే మీరు నవ్వి ఊరుకోకండి, వాడు మీ మొహమే చూస్తుంటాడు. గొడవ పెట్టుకోవాల్సిన పనీ లేదు. 'వాడికి అలవాటయ్యేదాకా కాస్త టైం కావాలొదినా, తర్వాత వాడే వచ్చి మాట్లాడతాడు' అనండి, వాడికి వినపడేలా అనండి. 'వాడికి సిగ్గండి' అని కూడా అనకండి, రోజుకి నలుగురి దగ్గర అంటే వాడు అదే తన పేరనుకుంటాడు. మీరు పెట్టిన పేరు ఒకటి, చుట్టాలు పెట్టిన పేరు ఒకటి, పిల్లలు చుట్టాలు పెట్టిందే ఎక్కువ గుర్తు పెట్టుకుంటారు, ఇది నేను ముప్పై దాటినవాళ్లలో కూడా చూశాను.

ధైర్యం నేర్పడానికి మీ ఇంట్లో ఉన్నంత మంచి వసతి వేరే ఇళ్లలో లేదు, ఎందుకంటే రోజూ కస్టమర్లు గుమ్మంలోకి వస్తారు. పెర్సనాలిటీ క్లాసులు, స్పీచ్ క్లాసులు అని ఫీజులు కట్టక్కర్లేదు. మొదటి పని ఎవరితోనూ మాట్లాడక్కర్లేనిది ఇవ్వండి, హుక్స్ డబ్బా వాడి బాధ్యత, ఏ సైజు ఏ అరలో, ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు తెప్పించాలి, అన్నీ వాడే. మామ్మకి సూదిలో దారం ఎక్కించడం వాడి పని, ఆవిడకి కళ్లు కనపడవు వాడికి కనపడతాయి, ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. కొన్నాళ్లకి కుట్టడం పూర్తయిన కవరు కస్టమర్ చేతికి ఇచ్చి రావడం, మాట లేకుండానే. తర్వాత డబ్బులు తీసుకుని చిల్లర ఇవ్వడం, కూడికలు తీసివేతలు కూడా అయిపోతాయి. ఆ తర్వాత ఒక్క వాక్యం, 'అమ్మ రేపు సాయంత్రం రమ్మంది'. ఒక మెట్టు మీద వాడు హాయిగా ఉన్నాకే పై మెట్టు. రైతు బజార్‌కి తీసుకెళ్లినప్పుడు పది రూపాయలు చేతికిచ్చి కొత్తిమీర వాడినే అడగమనండి. వాడు నిలబడి నసుగుతుంటే వెనకాల నుంచి మీరు చెప్పెయ్యకండి, ఇది అందరమూ చేసేదే, పిల్లాడు నోరు తెరిచేలోపు మనమే జవాబిచ్చేస్తాం. ఆగండి. అమ్మే ఆవిడ కూడా ఆగుతుంది, వాళ్లకీ పిల్లలున్నారు. ఆ రోజు అడగలేకపోతే మామూలుగా మీరు కొనేసి వచ్చెయ్యండి, దారంతా క్లాసు పీకొద్దు.

వాడు చేశాక మెచ్చుకోవడంలో కూడా ఒక సంగతి ఉంది. 'అబ్బ నువ్వు ఎంత తెలివైనోడివో' అనడం కంటే 'నిన్న చిల్లర లెక్క తప్పింది, ఇవాళ వేళ్ల మీద లెక్కేసుకుని కరెక్టుగా ఇచ్చావ్' అనడం బాగా పనిచేస్తుంది. దీని మీద అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, క్లాడియా మ్యుల్లర్, కరోల్ డ్వెక్, 1998లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఐదో క్లాసు పిల్లలకి పజిల్స్ ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని పొగిడారు, కొందరిని బాగా కష్టపడ్డారని పొగిడారు. తర్వాత ఏది కావాలో ఎంచుకోమంటే తెలివి పొగడ్త విన్నవాళ్లలో ఎక్కువమంది తేలికైనదే తీసుకున్నారు, ఎక్కడ ఆ పేరు పోతుందో అని. కష్టమైనవి ఇచ్చాక వాళ్లే ముందు నీరసపడ్డారు, మార్కులు ఎన్నొచ్చాయో రాయమంటే అబద్ధం రాసినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. మన దగ్గర టాపర్ టాపర్ అని ఫ్లెక్సీలు కట్టించుకున్న పిల్లలు ఇంటర్‌లో ఒక పేపరు పోగానే ఎందుకలా కుప్పకూలిపోతారో దీంట్లో కొంత కనపడుతుంది నాకు.

పాపకి ఆటలంటే ఇష్టమా అని మీరు రాయలేదు. ఉంటే పంపండి. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ మెడల్ తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన జిల్లా ఆడపిల్ల. ఆడపిల్లకి ఆటలేటి అని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ పేరు ఒక్కటి చెప్పండి చాలు.

సరే, అసలు తలనొప్పి, కొట్టడం దగ్గరికొద్దాం. మీ ఆయన చెడ్డవాడని నేననుకోవట్లేదు, అందరూ నవ్వారు, ఆయన పరువు పోయిందనిపించింది, చెయ్యి లేచింది. కానీ ఆ నిమిషంలో పిల్లాడి పరువు కూడా పోయిందని ఆయనకి తట్టలేదు. ఏడేళ్లోడికి పరువేటి అంటారు, ఉంటుందండి, లేకపోతే గదిలోంచి ఎందుకు రావట్లేదు. ఆయనకి అర్థమయ్యేలా చెప్పాలంటే కంపెనీ సంగతే అడగండి. బ్యాచ్‌లో తప్పొస్తే ఒక సూపర్‌వైజర్ పక్కకి పిలిచి ఇదిగో ఇక్కడ తేడా వచ్చింది చూసుకో అంటాడు, ఇంకొకడు షిఫ్టులో అందరి ముందు నిలబెట్టి తిడతాడు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావ్, ఎవరి దగ్గర పని దాచావ్ అని. జవాబు ఆయనకే తెలుసు. ఇది పిల్లల ముందు అడగకండి, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన పొద్దున అడగకండి, వారాంతపు సెలవు రోజు భోజనం అయ్యాక అడగండి. 'మీరు కొట్టారు' అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది, 'వాడు మీ దగ్గరికి కూడా రావట్లేదు, నాకు బాధగా ఉంది' అని మొదలుపెట్టండి.

మా అయ్య బాదాడు మేం చెడిపోయామేటి అనే మాట మన వైపు మగవాళ్లు అందరూ అంటారు. చెడిపోలేదు, నిజమే. కానీ బాగుపడింది తాడు వల్లనా, లేక పొద్దున్నే లేచి చద్దన్నం పెట్టిన అమ్మ వల్లనా, ఫీజు కట్టడానికి అప్పు చేసిన అదే అయ్య కష్టం వల్లనా. ఆ అయ్య చేసిన మంచివి ఇరవై ఉంటే వాటిని వదిలేసి తాడు ఒక్కటే ఎందుకు గుర్తుపెట్టుకోవాలి. కొడితే ఆ నిమిషానికి పిల్లలు ఆగుతారు, అది ఒప్పుకుంటాను, అందుకే అందరూ కొడతారు. కానీ వాళ్లు నేర్చుకునేది తప్పు చెయ్యకూడదని కాదు, నాన్న చూస్తుండగా చెయ్యకూడదని. ఇంకోటి కూడా నేర్చుకుంటారు, పెద్దోడు చిన్నోడి మీద చెయ్యి చేసుకోవచ్చని, ఇక్కడికొచ్చేసరికి పాప చెత్త బండి ఆవిడ మీద అరిచినదీ ఇదీ ఒకే తానులో గుడ్డ. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం చట్టమే ఒప్పుకోదు, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. టీచర్ కొడితే స్కూలుకెళ్లి గొడవ చేసే తండ్రులే ఇంట్లో బెల్టు తీస్తారు, ఇది నాకెప్పటికీ అర్థం కాదు.

అలా అని మీ అత్తగారు అన్నది పూర్తిగా కొట్టిపారేయలేను. బతిమాలడం, గౌరవించడం ఒకటి కాదు. మీరు బతిమాలుతున్నారేమో చూసుకోండి. 'ఫోన్ ఇచ్చెయ్ నాన్నా, ప్లీజ్ నాన్నా, బంగారం కదా, ఇచ్చెయ్' అని వంటింట్లోంచి ఆరుసార్లు అని, ఏడోసారి విసుగొచ్చి చేతిలోంచి లాగేసి వీపు మీద ఒకటి వేస్తే, వాడి లెక్కలో మొదటి ఆరు పిలుపులకీ విలువ లేదు. దగ్గరికెళ్లండి, వాడి ఎత్తుకి వంగండి, కళ్లలోకి చూసి ఒక్కసారి చెప్పండి, 'ఈ వీడియో అయ్యాక ఫోన్ నాకివ్వాలి. నువ్విస్తావా, నేను తీసుకోనా'. వీడియో అయ్యాక ఇవ్వకపోతే తీసేసుకోండి, తిట్టకుండా. ఏడుస్తాడు. ఏడవనివ్వండి, పక్కన ఉండండి, కోపమొచ్చింది కదా, నాకు తెలుసు అనండి, కానీ ఫోన్ మాత్రం తిరిగివ్వకండి. మొదటి వారం నరకంలా ఉంటుంది, పక్కింటివాళ్లు కూడా అడుగుతారు ఏమైందని. ఆ తర్వాత మీ మాటకి బరువు వస్తుంది. నీళ్లు ఒలకబోస్తే తుడవాలి, పుస్తకం చించితే కూర్చుని అతికించాలి, తప్పుకి తగ్గ పని, అంతే. అన్నం పెట్టను, మాట్లాడను, ఇంట్లోంచి పంపించేస్తాను, బూచోడికి ఇచ్చేస్తాను, పోలీసోళ్లకి పట్టిస్తాను, ఇవన్నీ తీసి అవతల పారెయ్యండి. పోలీసు పేరు చెప్పి భయపెడితే రేపు తప్పిపోయినప్పుడు వాడు సాయం అడగాల్సిన మనిషిని చూసే పారిపోతాడు.

మీ అత్తగారిని ఇందులో విలన్ చెయ్యకండి. పిల్లల ముందు ఆవిడ మాటకి ఎదురు చెప్పకండి కూడా, ఎందుకంటే మీరు ఆవిడతో ఎలా మాట్లాడతారో పాప రేపు మీతో అలాగే మాట్లాడుతుంది. ఆవిడ చెత్త బండి ఆవిడని ఏమే అనే అలవాటు ఈ వయసులో పోదేమో, పాపతో మాత్రం 'మామ్మ కాలంలో అలా పిలిచేవారు, మన ఇంట్లో మనం అలా పిలవం' అని ఒకసారి చెప్తే సరిపోతుంది, మామ్మని తక్కువ చెయ్యక్కర్లేదు. ఆవిడ ఉద్దానం మనిషి అన్నారు కదా, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కొబ్బరి తోటలు, జీడి తోటలు ఎలా నేలమట్టమయ్యాయో ఆవిడకి తెలిసే ఉంటుంది, రోజుల తరబడి కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. ఆ రోజుల్లో ఎవరు ఎవరింట్లో తిన్నారు, నీళ్లు ఎవరు తెచ్చారు, దారికి అడ్డంగా పడ్డ చెట్లు ఎవరు కొట్టారు అని పిల్లల్ని ఆవిడ దగ్గర కూర్చోబెట్టి అడగనివ్వండి. కులం చూడకుండా ఒకరి గిన్నెలో ఒకరు తిన్న సంగతులు ఉద్దానం ముసలివాళ్ల దగ్గర చాలా ఉంటాయి. నేను పది పేజీలు రాసినా చెప్పలేని దయ అంటే ఏంటో ఆవిడ ఒక రాత్రిలో చెప్పేస్తారు. చెప్పేవాళ్లకి గౌరవం, వినేవాళ్లకి చదువు. ఆవిడని దారిలోకి తేవడానికి కూడా ఇంతకంటే మంచి మార్గం నాకు తట్టట్లేదు.

మీ గురించి కూడా ఒక మాట. దసరా, సంక్రాంతి సీజన్‌లో మీకు రాత్రి పన్నెండు దాటినా మిషన్ ఆగదని నాకు తెలుసు, అప్పుడు ఈ పద్ధతులన్నీ పాటించాలని కూర్చోకండి, పిల్లలు తిని పడుకుంటే చాలనుకోండి. అరిచేస్తారు, మనుషులం. అరిచాక కోపం తగ్గినప్పుడు వెళ్లి 'అరవకుండా చెప్పాల్సింది, సారీ నాన్నా' అనండి, దాని వెనకాల 'కానీ నువ్వు కూడా' అని మాత్రం తగిలించకండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టొద్దు, ఇల్లు ఆగమైపోతుంది, మీ అత్తగారు రెండో రోజే ఏటీ కొత్త వేషాలు అంటారు. ఈ వారం మూడే చెయ్యండి. పళ్లెం ఎవరిది వాళ్లు తియ్యడం, మీ ఆయనది కూడా, ఆయన తీస్తే బాబు గొణక్కుండా తీస్తాడు. హుక్స్ డబ్బా బాబుకి అప్పగించడం. మూడోది, స్కూలుకెళ్లి టీచర్‌ని కలవడం, క్లాసులో ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎంత మాట్లాడుతున్నాడు, గృహప్రవేశానికి ముందు ఎలా ఉన్నాడు తర్వాత ఎలా ఉన్నాడు అని విడివిడిగా అడగండి, వాడిని పక్కన పెట్టుకుని అడగొద్దు. టీచర్ ఏమన్నారో నాకు ఒక కార్డు ముక్క రాసినా చాలు, దాన్ని బట్టి డాక్టర్ దాకా వెళ్లాలా అక్కర్లేదా అనేది చూద్దాం.